ఆమేన్ తర్వాత

మా అమ్మమ్మ ప్రార్థన పొడుగ్గా ఉండేది కాదు. మా చర్చి సంఘంలో ఆమె వయసు వాళ్లు చాలామంది మోకాళ్ల మీద గంటల తరబడి కన్నీళ్లతో ప్రార్థించేవారు. ఆ ప్రార్థనలన్నా నాకు గౌరవమే. అమ్మమ్మ మాత్రం నాలుగు మాటలు మాట్లాడి ఆగేది. మళ్లీ రెండు మాటలు. మళ్లీ మౌనం. పక్కన కళ్లు మూసుకుని కూర్చున్న నాకు ఆ మౌనం ఎంతకీ తెగేది కాదు. నిద్రపోయిందేమోనని ఒక కన్ను తెరిచి చూసేదాన్ని. తల కాస్త పక్కకు వాల్చి, ఎవరో చెబుతుంటే వింటున్నట్టు కూర్చుని ఉండేది.

ఆమేన్ అన్నాక ఆమెకు పని మొదలయ్యేది. కళ్లజోడు కొంగుతో తుడుచుకుని, "ఆ చివరింటావిడ జ్వరంతో పడుందట. పిల్లల్ని ఎవరు చూస్తున్నారో ఏమో. నువ్వూ రా" అంటూ చెప్పులేసుకునేది. అంతకు ముందే ఆ చివరింటావిడ పేరు ప్రార్థనలో విన్నాను. మిగతావాళ్లు ప్రార్థన చేసి ఆ భారం దేవుడికి అప్పజెప్పి వచ్చేవారు. అమ్మమ్మ అప్పజెప్పి, అందులో తన వంతు అడిగి తెచ్చుకునేది. "ప్రభువా, వాళ్లని ఆదరించు అని నేను అడిగితే, ఆయన ముందు నా వైపే కదా చూసేది" అనేది.

ఆమె బైబిల్లో చీటీలు ఉండేవి. పాత పుస్తకాల్లోంచి, వాడేసిన కవర్లలోంచి జాగ్రత్తగా చించుకున్న ముక్కలు. ఒక్కో చీటీ మీద ఒక పేరు, కింద చిన్న అక్షరాల్లో ఒక పని. "ఉత్తరం రాయాలి." "పిల్లాడి ఫీజు సంగతి కనుక్కోవాలి." "ఊరికే వెళ్లి చూడాలి." ఈ చివరిదే ఎక్కువ చీటీల మీద ఉండేది. పెద్దయ్యాక ఆ చీటీలు చూసినప్పుడల్లా నాకు అదే ఆశ్చర్యం. మనుషులకు మన దగ్గర నుంచి కావాల్సింది చాలాసార్లు అంతేనని ఆమెకు ఎలా తెలిసిందో!

యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో కొన్ని వచనాల కింద ఆమె గీత గీసుకుంది. ఒంటి మీద బట్ట లేక, ఆ పూటకు తిండి లేక ఉన్న సహోదరుడితో "సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి, తృప్తి పొందుడి" అని చెప్పి, శరీరానికి కావలసినవి ఇవ్వకపోతే ఏం ప్రయోజనమని అడుగుతాడు యాకోబు. ఆ వెంటనే, క్రియలు లేని విశ్వాసం ఒంటిగా ఉండి మృతమైనదంటాడు. అలా పంపించేసేవాళ్లు చెడ్డ మాటేమీ అనలేదు, గమనించండి. చూడబోతే అది దీవెనే. మంచి మాటతోనే మనిషిని గుమ్మం దాటించేయవచ్చని యాకోబుకు తెలుసు. అందుకే ఆ వచనాలు చదివినప్పుడల్లా నాకు కాస్త భయంగా ఉంటుంది.

సంఘంలో ఒకావిడకూ అమ్మమ్మకూ మాటల్లేవు. ఎప్పుడో అమ్మమ్మ అన్న మాట నోళ్లు మారి, ఇంకో రూపంలో ఆవిడ చెవిన పడింది. అమ్మమ్మ ఆ మాట ఆ అర్థంతో అనలేదని ఇంట్లో అందరికీ తెలుసు. నాకు తొమ్మిదో పదో ఏళ్లు ఉంటాయి. ప్రభువు బల్ల, అంటే యేసు మరణాన్ని తలచుకుంటూ అందరం రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం ఉన్న ఆదివారం. రొట్టె అందించే ముందు పాస్టరుగారు "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను" అని చదివి అందర్నీ మౌనంగా ప్రార్థించమన్నారు. అమ్మమ్మ నా పక్క నుంచి లేచింది. వెనక వరసల వైపు నడిచి, ఆవిడ కూర్చున్న బెంచీ దగ్గర వంగి, "నా వల్ల నీ మనసు నొచ్చుకుంది. నన్ను క్షమించమ్మా" అంది. ఆవిడ తల తిప్పలేదు. ఎదుటి గోడ వైపే చూస్తూ కూర్చుంది. అమ్మమ్మ బెంచీ అంచు పట్టుకుని కాసేపు నిలబడి, వెనక్కి వచ్చి కూర్చుంది. పాటల పుస్తకం పట్టుకున్న వేళ్లు వణుకుతున్నాయి.

నాకు తల కొట్టేసినట్టయింది. అందరూ చూశారు. ఇంటికి వెళ్లే దారిలో, "ఆవిడ కనీసం మాట్లాడలేదు కదా, నువ్వెందుకు వెళ్లావు?" అని గొడవ పెట్టుకున్నాను.

"వెళ్లమన్నారు, వెళ్లాను తల్లీ. మాట్లాడాలో వద్దో ఆవిడకూ ఆయనకూ మధ్య సంగతి."

ఆ వెళ్లమన్న మాట మత్తయి అయిదో అధ్యాయంలో ఉంది. బలిపీఠం దగ్గర అర్పణం ఇస్తుండగా, నీ మీద నీ సహోదరుడికి విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణం అక్కడే విడిచిపెట్టి ముందు వెళ్లి సమాధానపడు అని. మనకు ఎదుటివాళ్ల మీద కోపం ఉంటే అని కాదు అక్కడ రాసింది. ఎదుటివాళ్లకు మన మీద ఉంటే అని. తప్పు ఎవరిదో తేలేదాకా ఆగమని కూడా లేదు. అమ్మమ్మ దాన్ని ఉన్నది ఉన్నట్టు తీసుకుంది. "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అందరితో సమాధానంగా, అంటే శాంతిగా ఉండమన్నాడు అపొస్తలుడైన పౌలు రోమీయులకు రాస్తూ. చేతనైనంత మట్టుకు అన్నాడంటే, కొన్ని మన చేతిలో ఉండవని ఆయనకూ తెలుసు. వాళ్లిద్దరూ చివరిదాకా కలవలేదు. ఆవిడ పేరున్న చీటీ మాత్రం అమ్మమ్మ పోయేదాకా బైబిల్లో అలాగే ఉంది.

నాన్నది ఇంకో తరహా. ఆయనకు కోపం ఎక్కువ. ఒకరోజు పొద్దున ఆయన బల్ల మీద ఉండాల్సిన కాగితం ఒకటి కనిపించలేదు. అన్నయ్యే తీశాడని అనుమానం. వాడు తీయలేదన్నాడు. "అబద్ధాలాడుతున్నావా?" అని నాన్న అందరి ముందూ గట్టిగా అరిచి ఆఫీసుకు వెళ్లిపోయారు. సాయంత్రం ఆ కాగితం ఆయన ఫైల్లోనే దొరికింది.

రాత్రి కుటుంబ ప్రార్థన. నాన్న బైబిలు తెరిచి, ఒక్క వచనమైనా చదవకుండా మూసేశారు. కుర్చీలోంచి దిగి, నేల మీద అన్నయ్య ఎదురుగా కూర్చున్నారు. "నాన్నా, పొద్దున నిన్ను అబద్ధాలకోరువన్నాను. నువ్వు నిజమే చెప్పావు. తప్పు నాది. నన్ను క్షమిస్తావా?" అన్నారు. అన్నయ్యకు ఎనిమిదేళ్లు. ఏం చెప్పాలో తెలియక చొక్కా గుండీ తిప్పుతూ అమ్మ వైపు చూశాడు. అమ్మ కూడా ఏమీ అనలేదు, వాడి జవాబు వాడే చెప్పాలని కాబోలు. చివరికి వాడు తలూపాడు. నాన్న అక్కడితో ఆపలేదు. "అందరి ముందూ అన్నాను కాబట్టి అందర్నీ అడుగుతున్నాను" అని మా వైపు తిరిగారు. తర్వాత లేచి కుర్చీలో కూర్చుని, మామూలుగా ఆ రోజు భాగం చదివారు.

"సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" అన్న వచనం సండేస్కూల్లో కంఠతా పట్టాను. దాని అర్థం మాత్రం ఆ రాత్రి నేల మీద కూర్చున్న నాన్నను చూశాకే నాకు పట్టుబడింది. పిల్లల ముందు తగ్గితే లోకువైపోతామని అంటుంటారు. మా ఇంట్లో అలా జరగలేదు. అన్నయ్య పెద్దయ్యాక కూడా, చెప్పుకోవడానికి సిగ్గుపడే విషయాలు సైతం ముందు నాన్నకే చెప్పేవాడు. నాన్న కోపం పూర్తిగా పోయిందని చెప్పను, పోలేదు. కోపం వచ్చిన ప్రతిసారీ క్షమాపణ మాత్రం ఆలస్యం చేయలేదు. ఆత్మఫలం అని మనం గలతీ పత్రికలోంచి చెప్పుకునే ప్రేమ, సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం వగైరాలన్నీ మనిషిలో ఒకేసారి పండవని నా నమ్మకం. పండుతున్నాయా లేదా అన్నది ఇంట్లో వాళ్లకే ముందు తెలుస్తుంది.

సువార్తలో వచ్చే పన్ను వసూలుదారు జక్కయ్య కథ నాన్నకు బాగా ఇష్టం. పిల్లలందరం ఆ పొట్టివాడు యేసును చూడ్డానికి మేడిచెట్టెక్కడం దగ్గరే ఆగిపోతామని ఆయన బాధ. "చెట్టు దిగాక ఏం చేశాడో చెప్పండి" అనేవారు. జక్కయ్య తన ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకున్నది ఉంటే నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. మోషే ధర్మశాస్త్రం ప్రకారం, తప్పు ఒప్పుకున్నవాడు అసలుకు అయిదో వంతు కలిపి ఇస్తే సరిపోతుంది. సంఖ్యాకాండం అయిదో అధ్యాయంలో ఉంది. నాలుగంతలన్నది గొర్రెను దొంగిలించి అమ్మేసినవాడికో, కోసేసినవాడికో నిర్గమకాండంలో వేసిన శిక్ష. జక్కయ్య ఆ పెద్ద లెక్కే తనకు తాను వేసుకున్నాడు. యేసు డబ్బు గురించి ఒక్క మాటైనా అడగలేదు. "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అన్నాడంతే. అంటే పిలుపు ముందు, లెక్కలు సరిచేసుకోవడం తర్వాత. "రక్షణ కొనుక్కోలేదు వాడు. దొరికిందన్న సంతోషంలో సంచి విప్పాడు" అని నాన్న చెప్పేవారు.

నాన్న చేసింది లెక్కలు చూసే ఉద్యోగం. నేను హైస్కూల్లో ఉండగా ఒకసారి ఆయన ఉన్నట్టుండి దూరానికి బదిలీ అయ్యారు. మేం సామాన్లు సర్దుకుని, స్నేహితుల్ని వదులుకుని వెళ్లాం. ఎందుకని అడిగితే, "ఉద్యోగమన్నాక తప్పదమ్మా" అన్నారు. అసలు సంగతి ఆయన రిటైరైన రోజున, ఆయనతో చాలాకాలం పనిచేసినాయన చెబితే తెలిసింది. రాని సరుకు వచ్చినట్టు కాగితాల మీద సంతకం పెట్టమన్నారట. నాన్న పెట్టలేదు. దాంతో రావాల్సిన ప్రమోషన్ పోయింది, బదిలీ వచ్చింది. ఈ సంగతి చెప్పినాయన మా మతం వాడు కాదు. చర్చి గుమ్మం కూడా తొక్కి ఉండడు. "మీ నాన్నగారి సంతకం ఉన్న కాగితాన్ని మేమెవ్వరం మళ్లీ లెక్క చూసేవాళ్లం కాదమ్మా" అన్నాడు. నాన్న గురించి నేను విన్న సాక్ష్యాల్లో నాకు అన్నిటికంటే విలువైనది అదే.

ఇంటికొచ్చి అమ్మను అడిగాను. ఆమెకు మొదటి నుంచీ తెలుసు. సంతకం పెట్టనని చెప్పి వచ్చిన రాత్రి ఇద్దరూ నిద్రపోలేదట. ఇద్దరు పిల్లల చదువులు, అమ్మమ్మ మందులు, వచ్చే నెల ఎలా అన్న టెన్షన్. "పెట్టేయమని నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి ఆగిపోయాను" అంది అమ్మ. ఆ తర్వాతి నెలలు నెట్టుకొచ్చింది ఆమే. భర్త నిజాయితీ గురించి అందరూ చెబుతారు గానీ, దాని ఖర్చు భరించిన భార్య విశ్వాసం గురించి ఎవరూ చెప్పరు. నేను చెప్పాలనుకున్నాను.

దేవుడు తర్వాత దానికి రెట్టింపు ఇచ్చాడని రాయలేను. ఆ ప్రమోషన్ మళ్లీ రాలేదు. నాన్న చిన్న ఉద్యోగిగానే రిటైరయ్యారు. దేవుడు తమకు చేసింది సంఘం ముందు చెప్పుకోవడాన్ని సాక్ష్యం అంటాం. ఇప్పుడు నేను వింటున్న సాక్ష్యాల్లో చాలా భాగం ఏం దొరికిందన్నదాని మీదే నడుస్తున్నాయి. దొరికినవాళ్లు దేవుణ్ణి స్తుతించాల్సిందే, అందులో నాకు ఏ సందేహమూ లేదు. దొరకనివాళ్లు మాత్రం ఆ సాక్ష్యాల మధ్య కూర్చుని, తమ విశ్వాసంలోనే ఏదో లోపముందని కుంగిపోతుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. దానియేలు గ్రంథంలో రాజు నిలబెట్టిన ప్రతిమకు మొక్కనన్న ముగ్గురు యువకులు అగ్నిగుండం ముందు నిలబడి, మా దేవుడు మమ్మల్ని రక్షించగలడని చెప్పి, వెంటనే "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" అన్నారు. నాన్న బైబిల్లో ఆ వచనం పక్కన పెన్సిలుతో చిన్న గీత ఉంది. ఎప్పుడు గీశారో నేను అడగలేదు.

మా సండేస్కూల్ టీచరమ్మ గురించి కూడా చెప్పాలి. ఆమె చరిత్ర బాగా చదివినావిడ. మూడో శతాబ్దం మధ్యలో రోమా సామ్రాజ్యాన్ని పెద్ద తెగులు పట్టుకున్నప్పుడు, అలెగ్జాండ్రియాలో క్రైస్తవులు రోగుల పక్కనే ఉండి సేవ చేసి, అదే రోగం అంటుకుని తామూ చనిపోయారని అక్కడి బిషప్ డయొనీషియస్ ఉత్తరంలో రాసిన సంగతి మాకు ఆమే చెప్పింది. నాలుగో శతాబ్దంలో జూలియన్ అనే చక్రవర్తి 361 నుంచి 363 వరకు ఏలాడు. క్రైస్తవ్యాన్ని వదిలేసి, పాత దేవతల ఆరాధనను తిరిగి నిలబెట్టాలని చూసినవాడు. ఈ గలిలయులు (క్రైస్తవులను ఆయన అలా పిలిచేవాడు) తమ బీదలనే కాక మన బీదలను కూడా పోషిస్తున్నారే అని ఆయన నొచ్చుకున్నట్టు, ఆయన పేరు మీద మనకు దక్కిన ఒక ఉత్తరంలో ఉంది. అది చెప్పి టీచరమ్మ మమ్మల్ని అడిగింది: "మనమంటే గిట్టనివాళ్లు మన గురించి రాయాల్సి వస్తే ఏం రాస్తారు?" క్లాసులో ఎవరూ జవాబివ్వలేదు. ఆమె కూడా మమ్మల్ని బలవంతపెట్టలేదు.

విశ్వాసమా, క్రియలా అని పెద్ద పిల్లలం వాదించుకుంటుంటే, ప్రొటెస్టెంట్ సంస్కరణ మొదలుపెట్టిన జర్మన్ మార్టిన్ లూథర్ సంగతి టీచరమ్మ చెప్పింది. యాకోబు పత్రికను గడ్డితో పోల్చినవాడు లూథరే. విశ్వాసం సజీవమైనదనీ, ఊరుకోలేనిదనీ, మంచి చేయాలా అని అడిగేలోపే చేసేసి ఉంటుందనీ రోమా పత్రిక ముందుమాటలో రాసిందీ ఆయనే. రెండూ 1522లో వెలువడినవే. "పేచీ పెట్టుకున్నాడు గానీ, యాకోబు చెప్పిందే చెప్పాడు చూడండి" అని ఆమె నవ్వేది. ఆ నవ్వు నాకింకా వినిపిస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, చిన్న మామయ్య పోయిన ఏడాది ఒక ఎత్తు. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. ముప్పయ్యేళ్లు కూడా నిండలేదు, ప్రమాదం. సంఘమంతా వచ్చింది. చాలామంది మంచి మనసుతోనే మాట్లాడారు. ఒకాయన మాత్రం "విశ్వాసులం, ఇలా ఏడవకూడదమ్మా" అని అమ్మను వారించారు. నిరీక్షణ, అంటే ఆశ, లేనివాళ్లలాగా దుఃఖపడకండని పౌలు రాశాడు నిజమే. అసలు దుఃఖపడొద్దని ఎక్కడా రాయలేదు. చనిపోయిన స్నేహితుడు లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసీ, సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడు.

అమ్మ కొన్ని నెలలపాటు ఆరాధనలో పాట పాడలేకపోయింది. నిలబడేది, పుస్తకం తెరిచేది, నోరు పెగిలేది కాదు. ఇంట్లో ప్రార్థన చేయమంటే, "నాకు మాటలు రావడం లేదు" అనేది. కొడుకును పోగొట్టుకున్న అమ్మమ్మే ఒక రాత్రి అమ్మ పక్కన కూర్చుని 88వ కీర్తన చదివింది. కీర్తనల్లో చాలా వరకు ఏడుపుతో మొదలైనా చివరికి స్తుతిలోకో నమ్మకంలోకో తిరుగుతాయి. ఇది తిరగదు. చీకటి అన్న మాటతోనే అయిపోతుంది. "ఇది కూడా బైబిల్లోనే పెట్టారు చూశావా తల్లీ. ఇలా కూడా ఆయనతో మాట్లాడొచ్చు" అంది అమ్మమ్మ. అమ్మ ఆ రాత్రి ఆమె ఒళ్లో తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. విశ్వాసమంటే ఎప్పుడూ నవ్వుతూ ఉండటమని ఎవరైనా అంటే, నేను ఆ రాత్రి గురించే చెబుతాను. అమ్మ దేవుడి మీద అలిగిందేమో గానీ, ఆయన్ని వదిలి వెళ్లలేదు. ఆ ఏడుపు కూడా ఆయన దగ్గరే ఏడ్చింది.

ఆ రోజుల్లో మా ఇంటికి అందరికంటే ఎక్కువగా వచ్చినాయన సంఘంలో ఎప్పుడూ మైకు పట్టుకోనివాడు. వెనక బెంచీలో కూర్చుని, ఆరాధన అయ్యాక కుర్చీలు సర్ది వెళ్లిపోయేవాడు. ఆయన వచ్చి "వందనాలమ్మా" అని, నాన్న పక్కన కూర్చునేవాడు. వచనాలు చెప్పలేదు. కారుతున్న కుళాయి చూసి, మర్నాడు పనిముట్లు తెచ్చి బాగుచేశాడు. మామయ్య కాగితాల పనుల కోసం నాన్నతోపాటు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. అన్నయ్యకు పరీక్షలైతే రోజూ తీసుకెళ్లి తీసుకొచ్చాడు. అందరి రాకపోకలూ తగ్గిపోయాక కూడా ఆయన వస్తూనే ఉన్నాడు. బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ముగ్గురూ మొదట ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటా మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నారని ఉంది. వాళ్లు యోబుకు చేసిన మేలు అదొక్కటే. నోరు విప్పాకే చెడింది.

చాలా ఏళ్ల తర్వాత, మా సంఘంలోకి కొత్తగా వచ్చిన ఒక కుటుంబంలో పసిబిడ్డ పోయింది. వాళ్లతో మాకు పెద్దగా పరిచయం కూడా లేదు. అప్పటికి అమ్మకు మోకాళ్ల నొప్పులు. అయినా ఆ మధ్యాహ్నం వెళ్లి చీకటి పడేదాకా రాలేదు. వచ్చాక అడిగాను, "ఆ అమ్మాయితో ఏం మాట్లాడావమ్మా?" అని.

"ఏం మాట్లాడతాను? ఆ పిల్ల అలా గోడకానుకుని కూర్చుంది. రెండ్రోజుల బట్టలు పడున్నాయి, ఉతికి ఆరేశాను. కాసేపు పక్కన కూర్చున్నాను. మళ్లీ గురువారం వస్తానని చెప్పి వచ్చాను."